పొయ్యి దగ్గరి ఇటుక

జ్యూచువాన్ ఊరవతల, గులకరాళ్ళ ఎడారి అడుగున, శిన్ వారి పెద్దయ్య కోసం కట్టిన సమాధి. ముందు గదిలో గోడ నిండా బొమ్మల ఇటుకలు. మధ్యాహ్నం కూడు వేళ. బొమ్మలు వేసే ముసలి మేస్త్రి గెంగ్, అతనికి కూడు తెచ్చిన వంటమనిషి ఆమై.

"ముందు తిను మేస్త్రీ. తిన్నాక ఆ ఇటుక తుడిచెయ్యి."

"ఏ ఇటుక?"

"ఏ ఇటుకో తెలీనట్టు అడక్కు. పొయ్యి దగ్గరిది."

"పొయ్యి బాగా కుదిరింది ఆమై. ఆ మంట చూడు. నిన్న పొద్దుటి నుంచీ దానికే పట్టింది."

"మంటని ఎవరేమన్నారు? మంట ముందు కూర్చున్నదాన్ని తుడిచెయ్యమంటున్నా."

"రొట్టె గట్టిగా ఉంది."

"రొట్టె మెత్తగానే ఉంది, నీకే పళ్ళు లేవు. పులుసులో ముంచుకో. మాట మార్చకు."

"మార్చట్లేదు. నములుతున్నా."

"నములుతూనే విను. ఆరేళ్ళప్పుడు అమ్మేశారు నన్ను, శిన్ వాళ్ళింటికి. ఇప్పుడు యాభై నాలుగు. ఒక్క పూటంటే ఒక్క పూట పొయ్యి ముట్టించకుండా లేను. జ్వరమొచ్చిన రోజూ లేచా. కొడుకు పోయిన రోజూ లేచా."

"తెలుసు."

"తెలిస్తే ఇంత పని చేస్తావా? పెద్దయ్య ఇవాళో రేపో అన్నట్టున్నాడు. పోతాడు, ఇక్కడికొస్తాడు, సరే. నేనూ ఇంకో మూడేళ్ళకో నాలుగేళ్ళకో పోతా. పోయాక పడుకుందామని, అంతకంటే ఆశ లేదు నాకు. పడుకోవడం. నువ్వు ఈ గోడ మీద నా మొహం వేశావనుకో, అక్కడ కన్ను మూయగానే ఇక్కడ కన్ను తెరవాలి. ఆయన 'పులుసు' అంటాడు, నేను పొయ్యి ఊదాలి. లోకం ఉన్నంతకాలం ఊదుతూనే ఉండాలి."

"అలాగని ఎవరన్నారు?"

"మీ బొమ్మలవాళ్ళే! గోడ మీది ఎద్దు దున్నుతుంది, గోడ మీది కోడి గుడ్డు పెడుతుంది, గోడ మీది మనిషి పనికి లేస్తాడు అని ఊరందరికీ చెప్పుకుని బతుకుతున్నది మీరే. ఇప్పుడు నన్నడుగుతావా ఎవరన్నారని?"

"అది కట్టించుకునేవాళ్ళకి చెప్పే మాట."

"అంటే అబద్ధమా?"

"పులుసు బాగుంది."

"అబద్ధమైతే అబద్ధమని చెప్పు. ఇప్పుడే వెళ్ళిపోతా."

"అబద్ధమని అనలేను ఆమై. అది నిజం కాకపోతే నేనీ పనిలో ఇన్నేళ్ళు ఉండేవాణ్ణే కాదు."

"అదిగో!"

"అయినా ఏడుస్తున్నది నువ్వొక్కదానివే. ఆ దున్నే ఫూ ఉన్నాడే, నన్నూ వెయ్యి, నన్నూ వెయ్యి అని వెంటపడ్డాడు. బతికుండగా ఒక్క ఎద్దుకి దిక్కు లేదు, గోడ మీద రెండెద్దులు దొరికాయని సంబరం."

"వాడికి బుర్ర లేదు. పొలంలో అయితే పొద్దు గూకాక ఎద్దుల్ని విప్పుతాడు. ఇక్కడ పొద్దు ఎక్కడ గూకుతుంది?"

"ఊఁ."

"ఊఁ కాదు. నన్ను వెనక్కి తిప్పి వెయ్యి పోనీ. మొహం కనపడకుండా."

"వెనక్కి తిప్పితే వెనక నుంచి పిలుస్తాడు. చూడు, ఇది నా ఇష్టమా? మూడు నెలల కింద మంచం దగ్గరికి పిలిపించాడు పెద్దయ్య. దున్నేవాడు ఎవడైతేనేం, గొర్రెలు కాసేవాడు ఎవడైతేనేం, వంటమనిషి మాత్రం మా ఆమై కావాలి, దాని పులుసు లేనిదే నాకు ముద్ద దిగదు అన్నాడు."

"అన్నాడా ఆ మాట?"

"అన్నాడు."

"నలభై ఎనిమిదేళ్ళలో నా మొహం మీద ఒక్కనాడూ అనలేదు మేస్త్రీ, బాగుందని. నీతో అన్నాడు."

"మెచ్చుకోలే కదా."

"ఆ మెచ్చుకోలు శవప్పెట్టెలో ఆయన పక్కనే పెట్టెయ్యండి. నాకొద్దు."

"ఉష్. ఎవరో దిగుతున్నారు."

"తియెన్, మా ఇంటి పెత్తందారు. ఆ దగ్గు అతనిదే. నన్నిక్కడ చూశాడంటే తోలు తీస్తాడు."

"ఆ చిన్న గదిలోకి పో. ధాన్యం కుండల వెనక. వంగు, వంగు."

"వంగితే మళ్ళీ లేవడం ఎట్లా?"

"అది తర్వాత చూద్దాం."

"ఏయ్ గెంగ్! ఉన్నావా, చచ్చావా?"

"ఉన్నాను పెత్తందారుగారూ. లోపలికి రండి."

"లోపలికెందుకొస్తాను, బతికున్న మనిషిని? ఇక్కణ్ణించే కనపడుతోంది. ఇంకా ఎన్నున్నాయి?"

"ఒక్కటే. పొయ్యి దగ్గరిది కొంచెం మిగిలింది."

"సాయంత్రానికి అయిపోవాలి. పెద్దయ్యకి ఊపిరి అందట్లేదు. రేపు పొద్దున్నే ఆయనతో పెట్టే పట్టు మూటలు ఇందులోకి దించేస్తారు. ఆ వంటమనిషి బొమ్మ అచ్చం దానిలాగే వచ్చిందా?"

"వచ్చిందనే అనుకుంటున్నా. ఇరవయ్యేళ్ళ నుంచీ ఆమెతో ఒకే ఇంట్లో ఉన్నారు, మీరే చెప్పాలి. ఆమైది కోల మొహమా, గుండ్రమా?"

"ఏమో, ఎవడు చూశాడు! మచ్చ ఉంటుంది మూతి పక్కన. మచ్చ చూసుకోమన్నాడు పెద్దయ్య. మచ్చేదీ?"

"ఏ పక్కన పెట్టమంటారు?"

"ఎడమ. కాదు కాదు, కుడి. అబ్బ, ఏదో ఒక పక్కన పెట్టు! సాయంత్రం దీపం పెట్టించి చూస్తా. మచ్చ లేకపోతే ఊరుకోను. అన్నట్టు ఆ ముసల్ది ఎక్కడ చచ్చింది? పెద్దయ్య కళ్ళు తెరిచి పులుసు అన్నాడు."

"నాకు కూడు పెట్టి అప్పుడే పోయిందండీ."

"దారిలో కబుర్లు పెట్టుకునుంటుంది. సాయంత్రం, గుర్తుంచుకో!"

"అలాగేనండీ. నిమ్మళంగా ఎక్కండి, మట్టి జారుతుంది."

"వెళ్ళాడా?"

"వెళ్ళాడు. రా."

"లేవలేను. చెయ్యివ్వు మేస్త్రీ."

"చెయ్యిస్తే ఇద్దరం పడతాం. గోడ పట్టుకుని లే."

"అమ్మా. విన్నావా? ఇరవయ్యేళ్ళు రెండు పూటలా నా చేతి కూడు తిన్నాడు. మచ్చ ఏ పక్కనుందో తెలీదు."

"ఏ పక్కనుంది?"

"నువ్వూ చూడలేదా!"

"ఇక్కడ చీకటి."

"కుడి పక్కన. ఆగాగు, నేనెందుకు చెప్తున్నా నీకు?"

"చెప్పేశావులే. ఇప్పుడొక పని చెయ్యి. ఆ దీపం తీసుకుని బొమ్మని దగ్గర్నుంచి చూడు."

"నేను చూడను. నా మొహాన్ని గోడ మీద నేను చూసుకోవడం ఏంటి, అపశకునం."

"చూడవే తల్లీ. వచ్చిన దగ్గర్నుంచీ ఏడుస్తావు గానీ ఒక్కసారి కళ్ళెత్తి చూడలేదు."

"చూస్తే ఏమవుతుంది, నేనే... ఇది నేను కాదు."

"కాదు."

"నావి ఉబ్బు బుగ్గలు. ఇది కోల మొహం. కనుబొమ్మలు కలిసున్నాయి దీనికి. ఎవరిది?"

"ఎవరో ఒక వంటమనిషి."

"మరి ఇంతసేపూ నన్ను ఏడిపించావా?"

"చెప్పనిచ్చావా? పైగా పెద్దయ్య మాట తప్పానని ఎట్లా చెప్పను? నువ్వు ఆ ఇంటి మనిషివి."

"అయ్యో మేస్త్రీ! ఇటు రా, నీ కాళ్ళకి దణ్ణం పెడతా."

"వంగకు. ఇప్పుడే లేచావు."

"మరి మచ్చ? మచ్చ పెట్టక తప్పదుగా."

"పెట్టాలి. దానికోసమే వస్తాడు."

"మొహం ఆవిడది, మచ్చ నాది. పెద్దయ్య పులుసు అని కేకేస్తే ఇద్దరిలో ఎవరం లేవాలి?"

"ఆ సంగతి నాకు తట్టలేదు."

"తట్టించుకో మరి. సగం మనిషిని లేపుతావా? నా మూతి ఇక్కడ వండుతుంటే మిగతా నేను అక్కడ ఎట్లా పడుకోను?"

"ఉండు, ఆలోచించనీ. మచ్చ ఉత్త మసితో పెడతా. జిగురు కలపను."

"కలపకపోతే?"

"గోడ మీద రంగు నిలబడేది తోలు జిగురు వల్ల. ఉత్త మసి అయితే సాయంత్రం దాకా ఉంటుంది. తియెన్ చూసుకుంటాడు, పోతాడు. తలుపు మూశాక చెమ్మకి అదే రాలిపోతుంది."

"కచ్చితంగా రాలుతుందా?"

"కొత్తల్లో జిగురు తక్కువై నావి ఎన్ని బొమ్మలు రాలాయో నాకు తెలుసు. రాలుతుంది."

"బతికించావు మేస్త్రీ."

"బతికించడం నా చేతిలో లేదు. చచ్చాక పడుకోనిచ్చా. పో ఇక, పులుసు అంటున్నాడుగా ఆయన."

"పోతా. ఒక్కసారి ఆ దీపం ఇవ్వు."

"మళ్ళీ ఎందుకు?"

"ఈవిణ్ణి నేనెక్కడో చూశా."

"చూసుండవు."

"చూశా. పదకొండేళ్ళ కింద, చిన్నమ్మగారు పోయినప్పుడు. నైవేద్యం కుండ పట్టుకుని ఆ సమాధిలోకి దిగింది నేనే. అక్కడా ఈవిడే, పొయ్యి ముందే. ఈ కలిసిన కనుబొమ్మలే."

"ఒక్క చెయ్యి వేసిన బొమ్మలు ఒక్కలాగే ఉంటాయి."

"దున్నేవాడు ఒక్కలాగే లేడే! గొర్రెలవాడు ఒక్కలాగే లేడే! వంటమనిషే అక్కడా ఇక్కడా ఒకటి."

"ఆమై, పులుసు."

"పులుసు పొయ్యి మీదే ఉంది, ఎక్కడికీ పోదు. ఎవరు మేస్త్రీ?"

"చెప్తే వెళ్తావా?"

"వెళ్తా."

"నా భార్య. హ్వాయ్ దాని పేరు."

"నీకు పెళ్ళయిందా? ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదే."

"ఈ ఊరు రాకముందు మాట. ముప్పై ఏళ్ళు దాటింది. చాంగాన్ నుంచి జనం గుంపులు గుంపులుగా ఇటు పారిపోయి వచ్చారు చూడు, ఆ మిడతల ఏడు. మేమూ వాళ్ళతో నడిచాం. ఇద్దరం బయల్దేరాం, నేను చేరా."

"జబ్బు చేసిందా?"

"ఆకలి."

"అయ్యో."

"దారి పక్కనే చేతుల్తో గొయ్యి తవ్వా. ఒక ఇటుక లేదు, ఒక కుండ లేదు. ఇక్కడికొచ్చాక ఈ పని దొరికింది. దిగి చూస్తే గోడ నిండా తిండి. గొర్రెల్ని కోస్తుంటారు, కొక్కేలకి మాంసం వేలాడుతుంటుంది, రొట్టెలు గుట్టగా పేరుస్తుంటారు. మొదటి ఇటుక పట్టుకున్నప్పుడే అనుకున్నా, హ్వాయ్‌ని తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెడితే దానికి ఇక ఆకలన్నది ఉండదు అని."

"అప్పట్నుంచీ వేస్తున్నావా?"

"బొమ్మలు వేసిన ప్రతి సమాధిలో. ఇదీ కలిపి ముప్పై ఎనిమిది."

"ఒకటి చాలదూ?"

"ఒకచోట కరువొచ్చినా ఇంకోచోట ఉంటుంది కదా."

"అంతేలే."

"ఇదే ఆఖరు. చెయ్యి వణుకుతోంది, గీత నిలవట్లేదు. దీని తర్వాత నేనూ పడుకుంటా. నా గొయ్యి తవ్వేవాళ్ళకి చెప్పి ఉంచా, ఒక్క బొమ్మ కూడా వద్దని. గోడలు చూసీ చూసీ విసుగొచ్చేసింది ఆమై. మట్టి కప్పేసి పొమ్మన్నా."

"మంచి మొగుడివి మేస్త్రీ. చచ్చాక కూడా పెళ్ళాం ఆకలి చూసేవాళ్ళు ఎవరున్నారు?"

"చెప్పాగా. ఇక వెళ్ళు."

"వెళ్తున్నా. కానీ మేస్త్రీ..."

"ఏంటి?"

"వద్దులే."

"గుమ్మం దగ్గర ఆగి వద్దులే అంటే ఎట్లా? చెప్పి పో."

"అన్నిట్లోనూ పొయ్యి ముందేనా ఆవిడ?"

"తిండి ఉండేది అక్కడేగా."

"వండుతూనా?"

"వండుతూ, పొయ్యి ఊదుతూ, పిండి పిసుకుతూ. ఒకదాంట్లో గొర్రె తల కడుగుతూ. ఎందుకు?"

"ఎక్కడైనా తింటూ వేశావా?"

"వంటమనిషి తింటూ ఉండదుగా బొమ్మలో."

"బొమ్మలోనే కాదు మేస్త్రీ, ఎక్కడా ఉండదు."

"అంత తిండి చేతికింద ఉంటే ఎప్పుడో ఒకప్పుడు తినదా ఏంటి?"

"నన్నడుగు. అందరూ తినాలి. తిని లేవాలి. గిన్నెలు కడగాలి. అప్పుడు అడుగున ఏదన్నా ఉంటే, చల్లారింది, నిలబడి రెండు ముద్దలు. చాలా రోజులు అదీ ఉండదు. ఇక్కడ తినేది ఎవరు? అదిగో, పై వరసలో చాప మీద బోర్లించిన కుండలా కూర్చున్న పెద్దయ్య. ఆవిడ వండినదంతా ఆయనకే."

"ఆమై."

"ముప్పై ఎనిమిది ఇళ్ళలో వంటకి పెట్టావు మేస్త్రీ ఆవిణ్ణి. నేను ఒక్క ఇంటికే చచ్చిపోతున్నా."

"ఊరుకో."

"ఊరుకుంటా."

"హ్వాయ్ అట్లా కాదు. మా ఇంట్లో అది తినేది."

"నీతో కూర్చునా?"

"నాకు పెట్టి. తర్వాత."

"నువ్వు చూశావా?"

"నేను తిని పనికి పోయేవాణ్ణి."

"పోనీ దారిలో? దారిలో నీకు పనేం లేదుగా."

"దారిలో ఏం దొరికినా పంచేది. నా వంతు నాకిచ్చేది."

"తన వంతు?"

"తిన్నాననేది."

"నువ్వు చూశావా మేస్త్రీ?"

"అడిగేవాణ్ణి ఆమై. రోజూ అడిగేవాణ్ణి. తిన్నావా అంటే, తిన్నాననేది. నువ్వు నడుస్తుంటే నీ వెనక నమిలేశా అనేది."

"అందరం అంటాం మేస్త్రీ ఆ మాట."

"తిన్నాననేది."

"నేను నోరు మూసుకుని పోవాల్సింది. పాడు నోరు. ఏడవకు మేస్త్రీ, ముసలాడివి, ఊపిరాడదు ఇక్కడ."

"దీపం ఎత్తు."

"ఏం చేస్తావు?"

"తుడిచేస్తా."

"మరి మిగతావి?"

"మిగతావేం చెయ్యను? తలుపులకి ఇటుకలు కట్టేశారు. పైన ఇరవై మూరల మట్టి పోశారు. ఎవరి సమాధి అని తవ్వను, ఎవరు తవ్వనిస్తారు? నేనే కూర్చోబెట్టా వాటిల్లో. ఇప్పుడు లెమ్మని చెప్పడానికి కూడా లేదు."

"ఇదొకటి తెరిచుంది."

"ఇదొకటి తెరిచుంది. ఆ సున్నం గిన్నె ఇటు జరుపు."

"అదేంటి, గోడకే చేతుల్తో పూసేస్తున్నావు?"

"కుంచెకి ఆగలేను. ఇదిగో, ఇక్కడ కూర్చుంటుంది, పొయ్యికి ఇవతల. కింద చాప. ముందు పళ్ళెం. పళ్ళెంలో ఏముండాలి చెప్పు. నీకెవరన్నా వడ్డిస్తే ఏం తింటావు?"

"నాకెవరు వడ్డిస్తారు?"

"వడ్డించారనుకో."

"రొట్టె. వేడిది. పొయ్యి మీంచి దింపింది దింపినట్టు. నేనెప్పుడూ చల్లారాకే తిన్నా."

"వేడి రొట్టె. ఆవిరి గీస్తా."

"చేతిలో పెట్టకు మేస్త్రీ. చేతిలో పెడితే ఎవరికో ఇచ్చేస్తుంది. నోట్లో పెట్టుకుంటున్నట్టు వెయ్యి."

"నోట్లోనే. ఇదిగో, కొరికేసింది. బాగుందా?"

"బాగుంది. బుగ్గ ఇంకొంచెం ఉబ్బించు. ఆఁ, అట్లా."

"చాలా?"

"చాలు. కానీ పొయ్యి ముందు ఎవరూ లేకపోతే తియెన్ ఒప్పుకోడు. చూడు మేస్త్రీ, ఆవిడ సంగతి నాకు బాధే, ఒట్టు, కానీ నన్ను మాత్రం..."

"నిన్ను కాదు."

"నమ్మొచ్చా?"

"నువ్వు పడుకుందువుగాని. తియెన్ మచ్చ చూస్తాడు, మనిషిని చూడడు. అది సరే గానీ, పులుసుకి ముందు నీళ్ళు పోస్తావా, మాంసం వేస్తావా?"

"ఇప్పుడది దేనికి?"

"చెప్పు."

"మాంసం. కొవ్వు కరిగాక ఉల్లి, అల్లం. ఆ తర్వాత నీళ్ళు. పొంగొచ్చాక మంట తగ్గించాలి, లేకపోతే తోలులా అయిపోతుంది."

"ఎంతసేపు ఉంచాలి?"

"పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడు పెడితే వాలేదాకా. మధ్యలో లేవకూడదు. అదే కష్టం, నడుము పడిపోతుంది."

"రొట్టె పిండి?"

"ముందు రాత్రే తడిపి పెట్టుకోవాలి. ఇవన్నీ బొమ్మలో కనపడతాయా ఏంటి? గంజి కాచుకోవడం చేతకాక మూడు నెలలుగా నా చేతి కూడు తింటున్నావు, నీకెందుకు పులుసు గొడవ?"

"చేతకాకే అడుగుతున్నా. దీపం ఇటు తిప్పు, నా మొహం మీదికి. నేనెప్పుడూ అద్దంలో చూసుకోలేదు ఆమై, ముక్కు ఎట్లా ఉందో, మూతి ఎట్లా ఉందో చెప్తూ ఉండు, పొయ్యి ముందు వేసుకోవాలి."